హోటల్ బాత్రూంలో పంపు బాటిల్: ఎవరు వాడారని కాదు, ఎలా నింపారని అడగండి

ఈరోజు టాపిక్ చూసి కొంతమంది నవ్వుకుంటారు, షాంపూ బాటిల్ మీద ఒక ఎపిసోడా అని. నవ్వుకోండి, పర్లేదు. కానీ ప్రయాణాల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత నన్ను ఎక్కువమంది అడిగింది బస్సుల గురించో టికెట్ల గురించో కాదు, దీని గురించే.

విషయం మీకు తెలిసిందే. హోటల్ రూంలోకి వెళ్తాం. బాత్రూం గోడకి రెండు బాటిళ్లు బిగించి ఉంటాయి, ఒకటి షాంపూ, ఒకటి బాడీ వాష్. వాష్ బేసిన్ దగ్గర హ్యాండ్ వాష్ ఇంకోటి. మనకంటే ముందు ఆ రూంలో ఎవరున్నారో మనకి తెలీదు. వాళ్ల చేతులన్నీ దానికి తగిలాయి. అది వాడొచ్చా? అందులో ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే ఎలా? అందరూ అడిగింది ఇదే.

నా జవాబు ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఊరించడం నాకిష్టం లేదు. ముందు వాడినవాళ్ల చెయ్యి పెద్ద సమస్య కాదు. పంపు ముట్టుకున్న చేత్తోనే మనం సబ్బు రుద్దుకుని కడిగేసుకుంటాం. ఎవరో కావాలని ఏదో కలపడం జరగొచ్చు గానీ అది అరుదు. దాని గురించి తర్వాత చెప్తాను. అసలు సమస్య ఏంటంటే, ఆ బాటిల్ ఖాళీ అవ్వకముందే, కడగకుండా, పైనుంచి మళ్లీ మళ్లీ నింపడం. దానికి తోడు కొన్ని చోట్ల నీళ్లు కలపడం.

ముందు ఈ పెద్ద బాటిళ్లు ఎందుకొచ్చాయో ఒక్క నిమిషంలో చూద్దాం. పాతకాలం పెద్ద హోటళ్లలో బుజ్జి బాటిళ్లు ఇచ్చేవాళ్లు గుర్తుందా, 30 ఎం.ఎల్. ఉండేవి. మా ఇంట్లో అయితే ఎవరైనా హోటల్‌కి వెళ్లొస్తే అవి బ్యాగులో వచ్చేవి, ఎవరూ వాడేవాళ్లు కాదు, అద్దం వెనకాల అరలో అలా ఉండిపోయేవి. 2019లో మారియట్ కంపెనీ వాటిని ఆపేస్తామని ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ఏడాదికి దాదాపు 50 కోట్ల చిన్న బాటిళ్లు. ఐహెచ్‌జీ, అంటే హాలిడే ఇన్ వాళ్ల కంపెనీ, తనది 20 కోట్లు అని చెప్పింది. కాలిఫోర్నియా అదే సంవత్సరం చట్టం చేసింది. 50 రూములు దాటిన హోటళ్లలో 2023 జనవరి నుంచి, చిన్నవాటిలో 2024 జనవరి నుంచి చిన్న ప్లాస్టిక్ బాటిళ్లు ఇవ్వకూడదు. మన దేశంలో 2022 జులై 1న సింగిల్ యూజ్ ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటి మీద నిషేధం వచ్చింది గానీ ఆ జాబితాలో ఈ బాటిళ్లు లేవు. మన హోటళ్లు చాలావరకు వాటంతట అవే మారాయి. పర్యావరణం అని బోర్డు పెడతారు, ఖర్చు కూడా తగ్గుతుంది, రెండూ నిజమే. నేనైతే బుజ్జి బాటిళ్లు పోవడం మంచిదే అంటాను. మూడు రోజుల్లో చెత్త అయ్యేదానికి అంత ప్లాస్టిక్ ఎందుకు? నా గొడవ పెద్ద బాటిల్‌తో కాదు, దాన్ని చూసుకునే పద్ధతితో.

ఇప్పుడు పద్ధతికి వద్దాం. బీటెక్ చదివినందుకు పంపు ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పైన నొక్కితే షాంపూ బయటికొస్తుంది. వదిలితే స్ప్రింగ్ దాన్ని పైకి తోస్తుంది, అడుగు నుంచి గొట్టంలోకి మళ్లీ షాంపూ ఎక్కుతుంది. మరి అంత షాంపూ బయటికి పోయాక బాటిల్లో ఆ ఖాళీలోకి ఏదో ఒకటి రావాలి కదా? గాలి వస్తుంది, పంపు మెడ దగ్గరున్న సందులోంచి. ఏ గాలి? బాత్రూం గాలి. తడితో, వేన్నీళ్ల ఆవిరితో నిండిన గాలి. అంటే మనం నొక్కిన ప్రతిసారీ బాటిల్ కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది అన్నమాట. ఇది తయారీ లోపం కాదు, మామూలు పంపులు అలాగే పనిచేస్తాయి. సీల్ చేసిన సంచి ఉండే రకంలో మాత్రం షాంపూ అయ్యేకొద్దీ సంచి ముడుచుకుపోతుంది, గాలి లోపలికి వెళ్లదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మరి షాంపూ అంటేనే సబ్బు కదా, అందులో క్రిములు ఎలా బతుకుతాయి అంటారా? మంచి ప్రశ్న. షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లున్న చోట బ్యాక్టీరియా పెరగొచ్చు కాబట్టి కంపెనీ ప్రిజర్వేటివ్ వేస్తుంది. ఫినాక్సీఇథనాల్ లాంటివి, 1 శాతం లోపే. ఆ కొలత ఆ సీసాలో ఆ చిక్కదనానికి సరిపోయేలా లెక్క కట్టి వేసింది. ఇప్పుడు మీరు సగం నీళ్లు పోస్తే ఆ 1 శాతం కాస్తా అర శాతం అవుతుంది. పైగా కొళాయి నీళ్లతో పాటు కొత్త క్రిములు కూడా వచ్చి చేరతాయి. కాపలావాళ్లని సగానికి తగ్గించి దొంగలకి తలుపు తీసినట్టు.

ఇక ఖాళీ అవ్వకముందే నింపడం. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి మైక్రోబయాలజీ అక్కర్లేదు, వంటిల్లు చాలు. పెరుగు ఎలా తోడు పెడతాం? గిన్నెలో పాత పెరుగు ఒక చెంచా ఉంచి పాలు పోస్తాం. పొద్దున్నకి గిన్నెడు పాలూ పెరుగే. బాటిల్ అడుగున పాత షాంపూ ఉంచి పైన కొత్తది పోయడం అచ్చం తోడు పెట్టడమే. అదే ఆవకాయ జాడీ చూడండి. ఏ అమ్మమ్మైనా పోయినేటి ఆవకాయ అడుగున ఉండగా దాని మీద కొత్తది పెడుతుందా? జాడీ కడిగి, తుడిచి, ఎండలో పెట్టి, తడి చుక్క లేదని నమ్మకం కుదిరాకే కొత్త ఆవకాయ. తడి గరిటె పెట్టావని మనల్ని ఎన్నిసార్లు తిట్టి ఉంటారు! ఆ జాడీకి ఉన్న మర్యాద హోటల్ బాటిల్‌కి లేదు, అంతే.

దీని మీద పరిశోధనలు ఉన్నాయి. ఇవి హోటల్ షాంపూ మీద కావు, పైనుంచి నింపే చేతి సబ్బు డబ్బాల మీద చేసినవి, ఈ తేడా చెప్పాలి. కానీ పంపు ఒకటే, నింపే పద్ధతి ఒకటే. అమెరికాలో చార్లెస్ గెర్బా అనే మైక్రోబయాలజిస్టు, ఆయనతో పాటు పనిచేసినవాళ్లు పబ్లిక్ టాయిలెట్లలో ఇలాంటి డబ్బాలు పరీక్షించి 2011లో ప్రచురించారు. దాదాపు నాలుగింట ఒకదానిలో బ్యాక్టీరియా బాగా ఎక్కువగా ఉంది. అదే ఏడాది ఇంకో అధ్యయనం, ఒక ఎలిమెంటరీ స్కూల్లో. అక్కడున్న 14 డబ్బాలూ కలుషితమే. పిల్లలూ, సిబ్బందీ ఆ సబ్బుతో చేతులు కడుక్కున్నాక చూస్తే, గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా చేతుల మీద కడగకముందు కంటే 26 రెట్లు ఎక్కువైంది. మళ్లీ చెప్తున్నాను, కడుక్కున్నాక ఎక్కువైంది. సీల్ చేసిన ప్యాక్ సబ్బు వాడినప్పుడు మాత్రం సగానికి తగ్గింది.

2012లో ఇంకొకటి వచ్చింది. నాకు బాగా నచ్చింది ఇదే. డబ్బాల లోపలి గోడల మీద బ్యాక్టీరియా ఒక జిగురు పొరలా పట్టుకుని ఉంటుంది, బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్ల మీద పాకుడు లాంటిదే. వాళ్లు బ్లీచ్ ద్రావణంలో 10 నిమిషాలు నానబెట్టారు. అయినా 7 నుంచి 14 రోజుల్లో లోపలి సబ్బు మళ్లీ మొదటి స్థితికి వచ్చేసింది. స్టీల్ డబ్బా అయినా ప్లాస్టిక్ అయినా అంతే. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన బాధే, బగ్ ఫిక్స్ చేశామని టికెట్ మూసేస్తాం, రెండు వారాల్లో అదే టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది.

అయితే ఒక మాట. ఆ స్కూల్ అధ్యయనం, ఈ బయోఫిల్మ్ అధ్యయనం, రెండిట్లోనూ గోజో అనే కంపెనీ వాళ్లు ఉన్నారు. ప్యూరెల్ తయారుచేసేది వాళ్లే, సీల్ చేసిన సబ్బు ప్యాకెట్లు అమ్మేదీ వాళ్లే. కాబట్టి చదివేటప్పుడు కొంచెం జాగ్రత్తగా చదవాలి. అలాగని కొట్టిపారేయలేం. ఎందుకంటే అమెరికా సీడీసీ 2002లోనే ఆసుపత్రులకి ఇచ్చిన సూచనల్లో, సగం ఖాళీ అయిన సబ్బు డబ్బాలో పైనుంచి సబ్బు పోయొద్దని రాసింది. డబ్ల్యూహెచ్‌వో సూచనల్లో కూడా ఆ మాట ఉంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మనలో చాలామందికి హోటల్లో ఎవరో వాడిన సబ్బు బిళ్ల అంటే అసహ్యం, పంపు అంటే శుభ్రం అని నమ్మకం. 1988లో ఒక ప్రయోగంలో సబ్బు బిళ్లలకి కావాలని బ్యాక్టీరియా పూసి 16 మంది చేత చేతులు కడిగించారు. కడుక్కున్నాక వాళ్ల చేతుల మీద ఆ బ్యాక్టీరియా చెప్పుకోదగ్గంత దొరకలేదు. దాన్ని చేసినవాళ్లు సబ్బు బిళ్లల కంపెనీ వాళ్లు, అది కూడా చెప్పేస్తున్నాను! వేరేవాళ్లు వాడిన బిళ్ల వాడమని నేను అనడం లేదు, నేనూ వాడను. కానీ బిళ్ల పైన ఏముందో నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది, ఆరబెట్టొచ్చు. బాటిల్ లోపల ఏముందో కనపడదు, ఆరదు.

మన దగ్గర ఎలా జరుగుతుందో చెప్తాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక క్లయింట్ పని మీద కోస్తాలో ఒక ఊళ్లో నాలుగు రోజులు ఉన్నాను. ఊరూ, హోటల్ పేరూ వద్దు. పొద్దున్నే కారిడార్‌లో హౌస్‌కీపింగ్ అబ్బాయి ట్రాలీ పక్కన కూర్చుని బాటిళ్లు నింపుతున్నాడు. 5 లీటర్ల క్యాన్, ఒక గరాటా, ఒక మగ్గులో నీళ్లు. కొంచెం షాంపూ, కొంచెం నీళ్లు, మూత పెట్టి ఒక ఊపు. "తమ్ముడూ, నీళ్లెందుకు?" అన్నాను. వాడేం దాచలేదు. "క్యాన్ వారానికి ఒకటే ఇస్తారు సార్, అన్ని రూములకీ సరిపోవాలి కదా" అన్నాడు. బాటిళ్లు ఎప్పుడు కడుగుతారు అని అడిగితే నా వైపు వింతగా చూసి, "షాంపూ బాటిలే కదా సార్, అది కడిగేదేంటి" అన్నాడు.

ఇందులో ఆ అబ్బాయి తప్పేం ఉందండి? ఒక షిఫ్టులో అన్ని గదులు సర్దాలి, దుప్పట్లు మార్చాలి, బాత్రూంలు కడగాలి. పంపు విప్పి, కడిగి, ఆరబెట్టే టైము ఎవరిచ్చారు? ఎవరు నేర్పారు? క్యాన్ లెక్క వేసింది వాడు కాదు. కాబట్టి ఈ వీడియో చూసి రేపు ఎవరైనా రూం బాయ్ మీద అరిస్తే నాకు బాధగా ఉంటుంది. అడగాల్సింది రిసెప్షన్‌లో, వీలైతే మేనేజర్‌ని.

సరే, ఇంత విన్నాక భయపడాలా? ఆరోగ్యంగా ఉన్న మనిషికి చాలావరకు ఏమీ కాదు. చర్మం గట్టి గోడ. ఎప్పుడైనా వెంట్రుకల మొదళ్లలో చిన్న పొక్కులు రావొచ్చు. కానీ అందరం ఒకేలా ఉండం, నేను ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం కూడా అదే. ఖమ్మం వైపు నుంచి ఒక అక్క అడిగారు. వాళ్లమ్మగారికి హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది, 21 రోజులకోసారి వస్తారు, ఆసుపత్రి దగ్గర లాడ్జిలో రెండు మూడు రోజులు ఉంటారు. "తమ్ముడూ, అక్కడి హ్యాండ్ వాష్ అమ్మకి వాడొచ్చా?"

మనం ప్రయాణం అంటే గోవా, ఊటీ అనుకుంటాం. జిల్లాల నుంచి హైదరాబాద్, విశాఖ, వెల్లూరు వెళ్లి లాడ్జిలో దిగేవాళ్లలో ఎంతోమంది ఒంట్లో బాగోక వచ్చినవాళ్లు. అక్కా, మీ ప్రశ్నకి నా జవాబు సూటిగా: వద్దు. కీమో మందులు చాలావాటితో తెల్లరక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, మందు ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్యలో బాగా పడిపోతాయి. అలాంటప్పుడు సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా, మామూలు మనిషికి ఏమీ చేయనిది, ప్రాణం మీదకి తేగలదు. తడిగా ఉండే చోట్లు దానికి ఇష్టం. ఫ్రాన్స్‌లో ఒక ఆసుపత్రిలో పసిపిల్లల ఐసీయూలో సీరేషియా అనే బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు కారణాలు వెతుకుతూ వెళ్తే ఒక ద్రవ సబ్బు బాటిల్ దగ్గర కూడా ఆగారు. కాబట్టి అమ్మగారికి కొత్త సబ్బు బిళ్ల, లేదా మీరే కొన్న సీలున్న చిన్న హ్యాండ్ వాష్. చేతికో ఛాతీకో మందు ఎక్కించే లైన్ ఉంచి పంపితే అక్కడ ఏం వాడాలో నర్సుని అడిగి రాయించుకోండి. అమ్మగారికి జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. అమ్మగారు త్వరగా కోలుకోవాలి.

ఇదే జాగ్రత్త ఆపరేషన్ కుట్లు ఆరనివాళ్లకీ, షుగర్‌తో కాలి మీద పుండు ఉన్నవాళ్లకీ, నెలల పిల్లలకీ వర్తిస్తుంది. గుండు చేయించుకున్నవాళ్లకి కూడా, తల మీద సన్నగా గాట్లు పడి ఉంటాయి. షాంపూతో పని లేదు గానీ బాడీ వాష్ తల మీద రుద్దుతారు కదా! ఇంకా ముఖ్యం, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు. సూడోమోనాస్ కంట్లోకి చేరితే కంటిపాప ముందుండే పారదర్శక పొర, కార్నియా, చాలా త్వరగా దెబ్బతింటుంది. ఊళ్లు తిరిగేటప్పుడు లెన్స్ ముట్టుకునే ముందు మీ సొంత సబ్బే వాడండి, చేతులు పొడిగా తుడుచుకోండి.

ఇప్పుడు ఆ రెండో భయం, ఎవరో ఏదో కలపడం. షాంపూలో వెంట్రుకలు తీసే క్రీమ్ కలిపినట్టు చూపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ క్రీములకి ఘాటైన వాసన ఉంటుంది, చర్మం మీద కొన్ని నిమిషాలు ఉంచితేగాని పని చేయవు. వీడియోలో చూపించినట్టు రుద్ది కడిగేలోపు జుట్టంతా ఊడి చేతికి రాదు. కానీ కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. కాబట్టి చూడాల్సింది ఒకటే, మూత చేత్తో తిప్పితే ఊడుతుందా? ఊడితే ఎవరైనా తీయగలరు. గోడకి తాళంతో ఉన్నదీ, మూత తిరగనిదీ అయితే ఆ గొడవ లేదు. ముందు అరచేతిలో కొంచెం వేసుకుని చూడండి. నీళ్లలా జారిపోతున్నా, విడిపోయినట్టున్నా, వాసన తేడాగా ఉన్నా, పంపు మూతి దగ్గర గులాబీ రంగు జిగురు కనిపించినా వాడొద్దు. ఇవేవీ లేకపోతే శుభ్రంగా ఉందని మాత్రం అర్థం కాదు, చెడిపోయిన సబ్బు చూడటానికి మామూలుగానే ఉండొచ్చు.

రిసెప్షన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "ఇది మీరు నింపుతారా, ప్యాక్ మొత్తం మారుస్తారా?" ప్యాక్ మారుస్తామంటే, పైన కంపెనీ పేరూ, బ్యాచ్ నంబరూ, తేదీ ఉంటే నిశ్చింతగా వాడుకోండి. నింపుతామంటే ఎలా నింపుతారో అడగండి. పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపేవాళ్లు కొంత నయం. ఎదురుగా ఉన్నాయన తెల్లమొహం వేస్తే మీకు జవాబు దొరికినట్టే, మీ బ్యాగు తెరవండి.

బ్యాగులో ఏముండాలి అంటే పెద్ద కిట్ అక్కర్లేదు. ఒక చిన్న సబ్బు బిళ్ల, అడుగున చిల్లులున్న సబ్బు పెట్టె. వెళ్లేటప్పుడు పాత గుడ్డలో చుట్టి పెట్టుకుంటే నాననే నానదు. విమానంలో బిళ్లకి 100 ఎం.ఎల్. గొడవ కూడా లేదు, అది ద్రవం కాదు కదా. షాంపూకి ఏ కిరాణా కొట్లోనైనా సాషే దొరుకుతుంది. తమిళనాడులో కడలూరు చిన్నికృష్ణన్ గారనే ఆయన మొదలుపెట్టిన ఆలోచన అది, పెద్ద బాటిల్ కొనలేనివాళ్ల కోసం. ఒక్కసారికి సరిపడా, సీలుతో. మళ్లీ ప్లాస్టికే కదా అంటారు, అవును, ప్లాస్టికే. అందుకే నేను ఇంటి నుంచే చిన్న బాటిల్లో పోసుకుని వెళ్తాను. అయితే ఇందాక చెప్పిందంతా మన బాటిల్‌కి కూడా వర్తిస్తుంది. ప్రతి ట్రిప్పుకీ పైనుంచి పోస్తూ పోతే అది కూడా తోడు పెట్టడమే. ఊరి నుంచి రాగానే మిగిలింది వాడేసి, బాటిల్, మూత కడిగి బోర్లించండి, పూర్తిగా ఆరాక సర్దండి.

ఈ వీడియో చూసేవాళ్లలో చిన్న హోటళ్లు, హోమ్ స్టేలు, పీజీలు నడిపేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, అరకు నుంచి ఒకాయన అప్పుడప్పుడు మెసేజ్ కూడా పెడతారు. మీకు నా రిక్వెస్టు. సీల్డ్ ప్యాక్‌ల ఖర్చు భరించగలిగితే అదే చేయండి. లేదంటే చిన్న సబ్బు బిళ్ల ఇవ్వండి, మిగిలిన ముక్క బట్టలు ఉతకడానికి పోతుంది. రీఫిల్లే చేస్తామంటే ప్రతి రూంకీ రెండు సెట్లు కొనండి, ఒకటి గదిలో, ఒకటి కడిగి ఎండలో. బాటిల్ మీద ఎప్పుడు మార్చారో మార్కర్‌తో తేదీ రాయండి. పంపులు పాతవైతే కడగడంతో సరిపెట్టకుండా పారేయండి. క్యాన్ మీద మాత్రం మీ కుర్రాళ్లకి ఒక మాట చెప్పండి, అయిపోతే అయిపోయిందని చెప్పమనండి, నీళ్లు పోయొద్దనండి. అయిపోయిందని చెప్పినందుకు వాళ్లని తిట్టకండి కూడా.

వచ్చే వారం రైల్లో దుప్పట్ల గురించి మాట్లాడుకుందాం, దాని మీద కూడా చాలా ప్రశ్నలున్నాయి. ఉంటానండి.